రంగు ఎట్లా పోతుందో చూసి కొనండి

(చెక్క గోడలకు స్టెయిన్, అంటే చెక్కకు పట్టించే రంగు, ఎంచుకోవడం మీద మహారాష్ట్రలోని సిరోంచలో ఒక పాలిష్ మిస్త్రీ చెప్పిన మాటలు. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? తమ్మీ, ఆ పెద్ద ఫ్యాను కాసేపు ఆపు, ఉక్కపోసినా పర్లేదు, నా మాట కంటే దాని చప్పుడే ఎక్కువుంది. ఆఁ, ఇప్పుడు బాగుంది. నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా చెక్కకు పాలిష్ పెట్టాను, రంగు వేశాను, పాత రంగు గీకాను. నిజం చెప్పాలంటే గీకిందే ఎక్కువ. ఇవాళ మీకు చెప్పబోయేది కూడా ఆ గీకుడు తప్పించుకోవడం గురించే.

ఈ మధ్య మన దగ్గర, అహేరి రోడ్డు పొడుగునా, కొత్తగా కట్టే ఇళ్ళకు ముందువైపు గోడ మీద చెక్క పలకలు బిగించుకోవడం మొదలైంది. కొందరు వరండా మొత్తం, కొందరు పైఅంతస్తు ఒక్కటే. పిల్లలు ఫోన్లో అమెరికా ఇళ్ళు చూస్తారు, గోడంతా పలకలే, చూడ్డానికి బాగుంటుంది, మనకూ కావాలంటారు. తప్పేముంది? టేకు అడవి మధ్యలో పుట్టినవాళ్ళం. ఇక్కడి నుంచి బల్లార్షా కలప డిపో దాకా చెక్క వాసన పీల్చుకుంటూ పెరిగాం. 2023లో అయోధ్య గుడి తలుపులకు టేకు ఎక్కణ్ణుంచి పోయింది? మన అడవుల నుంచే కదా. అందుకని చెక్క గోడ పెట్టుకునే హక్కు మనకు కాక ఇంకెవరికుంది చెప్పండి. హక్కు ఉంది సరే, దాన్ని చూసుకునే ఓపిక ఉందా అన్నదే ప్రశ్న.

ఇల్లు కట్టేవాళ్ళు నా దగ్గరికొచ్చి మొట్టమొదట ఏమడుగుతారు? "అన్నా, ఏ రంగు బాగుంటుంది?" అందరూ ఇదే. ఒక్కరు కూడా "ఇది పాతబడితే ఎట్లా కనపడుతుంది?" అని అడగరు. పెళ్ళిచూపుల్లో చీర చూసి సంబంధం ఖాయం చేసినట్టుంటుంది. వేసిన రోజు ఏ డబ్బా అయినా బాగానే ఉంటుంది. నేను వేసినా బాగుంటుంది, నా మనవడు వేసినా బాగుంటుంది. మూడో వానాకాలం తర్వాత చూడాలి.

ఇదిగో, ఈ అగ్గిపెట్టెలో ఏముందో చూపిస్తాను. ముందు వరుసలో ఉన్న అక్కా, కొంచెం చెయ్యి చాపండి. పట్టుకోండి, భయం లేదు, పాము కుబుసం కాదు. వార్నిష్ పెచ్చు. మా సొంత ఇంటి ముందు పలకల మీదిది. నేనే వేశాను. మిస్త్రీ ఇల్లు కాబట్టి మెరవాలని, నీళ్ళలా కనపడే వార్నిష్ మూడు కోట్లు వేశాను. దసరాకు వేశాను, ఆ దసరాకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. రెండో వానాకాలం పోయేసరికి పడమర వైపు అంతా పొక్కులు. గోరు పెడితే అప్పడంలా లేచొచ్చింది. ఈ పెచ్చును వెలుతురుకు పెట్టి చూడండి అక్కా. వార్నిష్ ఇంకా బాగానే ఉంది కదా? నిగనిగలాడుతోంది. ఇప్పుడు తిప్పి వెనకవైపు చూడండి. బూడిదరంగు నూగు కనపడుతోందా? అది దుమ్ము కాదు. అది చెక్క. నా టేకు పలక పైపొర.

దీని అర్థమేంటి? వార్నిష్ చెడిపోలేదు, దాని కింద చెక్క చెడిపోయింది. గాజు కిటికీ లోంచి ఎండ లోపలికి వచ్చినట్టు, ఆ నీళ్ళలాంటి వార్నిష్ లోంచి ఎండ దూరి చెక్క పైపొరను కాల్చేసింది. చెక్కలో పీచును పీచుతో అంటిపెట్టే జిగురు ఒకటుంటుంది, లిగ్నిన్ అంటారు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ముందు దాన్నే తింటాయి. జిగురు పోయాక పీచు ఊడుతుంది, పీచుతో పాటు దానికి అంటుకున్న వార్నిష్ కూడా లేస్తుంది. అంతే కథ. ఆ గోడ గీకడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. కూలీ లేదు, ఎందుకంటే ఇల్లు నాది. మా ఇంట్లోవాళ్ళు ఆ ఇరవై రెండు రోజులూ నన్నేమన్నారో మైకులో చెప్పలేను.

అందుకే అంటున్నాను, రంగు ఎట్లా పోతుందో చూసి కొనండి. పోవడంలో రెండు రకాలు. పెచ్చులుగా లేచేది ఒకటి, వెలిసిపోయేది ఇంకొకటి. పెచ్చులుగా లేచేదాన్ని మొత్తం గీకితే తప్ప కొత్త కోటు నిలవదు. వెలిసిపోయేదాన్ని కడిగి, ఆరబెట్టి, పైన ఇంకో కోటు వేసుకుంటే చాలు. పొర కట్టేవి పెచ్చులుగా లేస్తాయి, లోపలికి ఇంకేవి వెలిసిపోతాయి. ఇది గుర్తుంటే సగం పని అయినట్టే, మిగతా సగం కూడా చెప్తాను, అప్పుడే లేవకండి.

ఎండను ఆపేది ఏది? రంగు పొడి. పిగ్మెంటు అంటారు. స్టెయిన్ డబ్బాలో నూనె ఉంటుంది, రెజిన్ ఉంటుంది, బూజుకు మందు ఉంటుంది, కానీ ఎండకు గొడుగు పట్టేది మాత్రం ఆ పొడే. పొడి ఎక్కువుంటే చెక్క గీతలు తక్కువ కనపడతాయి, రక్షణ ఎక్కువ. పొడి తక్కువుంటే గీతలన్నీ కనపడతాయి, రక్షణ తక్కువ. గీతలూ మొత్తం కనపడాలి, రక్షణా మొత్తం కావాలి అంటే కుదరదు. అవ్వా కావాలి బువ్వా కావాలి అన్నట్టు.

ఈ పొడి మనకు కొత్త కాదు. గడపకు పూసే జాజు ఏంటనుకున్నారు? అదే. ఇనుము తుప్పు జాతి. ఇనుప ఆక్సైడ్. ఇవాళ ఖరీదైన స్టెయిన్ డబ్బాల్లో ఎరుపు, గోధుమ, పసుపు రంగులకు వాడేది ఎక్కువగా ఇనుప ఆక్సైడే, ఇంకా మెత్తగా నూరి పెడతారు, అంతే. స్వీడన్ దేశంలో ఫాలున్ అనే ఊరుంది, అక్కడ పాత రాగి గని, 1992లో మూసేశారు. ఆ గని మట్టిలో వచ్చే ఎర్ర పొడిని రై అనే గోధుమలాంటి ధాన్యం పిండి గంజిలో ఉడికించి, అవిసె నూనె కలిపి, ఇళ్ళ చెక్క గోడలకు పూస్తారు, వందల ఏళ్ళ నుంచి. ఆ దేశంలో ఎర్ర ఇళ్ళు చూసే ఉంటారు ఫోటోల్లో. జాజు, గంజి, నూనె. మన అమ్మమ్మలకు చెప్తే "ఇందులో వింతేముంది" అంటారు. దాని గొప్ప ఏంటంటే అది పెచ్చులుగా లేవదు. పొడి పొడిగా రాలుతుంది. చీపురుతో దులిపి మళ్ళీ పూసుకోవడమే.

దుకాణంలో ఏమడగాలి

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతారు, ఎవరూ మోసం చేయకుండానే. దుకాణానికి పోయి "స్టెయినర్ ఇవ్వు" అంటే చిన్న సీసా ఇస్తాడు. అది సున్నంలోనో డిస్టెంపర్‌లోనో కలిపే రంగు. చెక్కకు పనికిరాదు. "వుడ్ స్టెయిన్ ఇవ్వు" అంటే ఇంకొకటి ఇస్తాడు. అది లోపలి ఫర్నిచర్‌కు, మెలమైన్ పాలిష్ కింద వేసేది. రంగు ఇస్తుంది కానీ దానికదిగా రక్షణ ఏమీ ఇవ్వదు, పైన పాలిష్ వేయకపోతే వానకు కారిపోతుంది. మీకు కావలసింది మూడోది. బయటి గోడలకు వాడే వుడ్ స్టెయిన్. డబ్బా మీద "ఎక్స్‌టీరియర్" అని ఉందా లేదా చూసుకోండి. చదవడం రాకపోతే చదివించుకోండి, సిగ్గేమీ లేదు. డబ్బా మీద మన భాష ఎట్లాగూ ఉండదు. టేకును మనం టేకు అంటాం, డిపోలో సాగ్వాన్ అంటారు, డబ్బా మీద టీక్ అని ఉంటుంది. పైగా డబ్బా మీద "టీక్" అంటే టేకుకు వేసేదని కాదు, టేకు లాంటి రంగు అని. వాల్‌నట్, సెడార్, మహాగని కూడా అంతే. అవి రంగుల పేర్లు. మొన్న ఒకాయన "నాది టేకు గోడ, మహాగని డబ్బా ఇచ్చారు, మార్చాలా" అని రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

మెలమైన్, లక్క పాలిష్, ఇవి బయటకు వద్దే వద్దు. లక్క పాలిష్ అయితే మీద తడి గ్లాసు పెట్టినా తెల్ల మచ్చ పడుతుంది, ఇంక వాన సంగతి ఏం చెప్పాలి.

బయట వేసే స్టెయిన్లలో మళ్ళీ తేడాలున్నాయి. ఒకటి అసలు రంగు లేనిది, నీళ్ళలాంటిది. నీళ్ళు ఇంకకుండా కొన్నాళ్ళు ఆపుతుంది, ఎండను ఆపలేదు, ఏడాది తిరక్కుండానే మళ్ళీ డబ్బా పట్టుకోవాలి. ఇంకొకటి కొంచెం రంగుండి, గీతలు కనపడేది. సెమీ ట్రాన్స్‌పరెంట్ అంటారు. రెండు మూడేళ్ళు వస్తుందని పుస్తకాలు రాస్తాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ ఊళ్ళో మే నెలలో 45 డిగ్రీలు ఉండదు, కాబట్టి కొంచెం తగ్గించి చదువుకోండి. చివరిది చిక్కటిది, గీతలు కనపడనివ్వదు, చెక్క గరుకు మాత్రం కనపడుతుంది. అది ఎక్కువ కాలం ఉంటుంది, కానీ దాదాపు పెయింటులాంటిదే, కోటు మీద కోటు పడితే అదీ పొర కడుతుంది, పొర కట్టిందంటే ఏమవుతుంది? ఆఁ. పెచ్చు. అక్క చేతిలో ఉంది చూడండి.

నన్నడిగితే కొత్త టేకు పలకలకు మధ్యదే. గీతలు కనపడేది, లోపలికి ఇంకేది. ఇప్పటికే రంగు వేసి చెడగొట్టుకున్న పాత పలకలకు, అతుకులు మచ్చలు ఉన్నవాటికి చిక్కటిది. నిచ్చెన వేసుకుని మళ్ళీ మళ్ళీ ఎక్కలేని ఎత్తు గోడలకు కూడా చిక్కటిదే తీసుకోండి, నేనేమీ అనను.

నూనెదా, నీటిదా? ఇది పెద్ద గొడవ. నూనె స్టెయిన్ లోపలికి దిగుతుంది, పని చేయడం సులువు, చారలు పడకుండా సాగుతుంది. నీటి స్టెయిన్ రంగు ఎక్కువ కాలం నిలబెట్టుకుంటుంది, వాసన తక్కువ, బూజు తక్కువ, కానీ మన ఎండకు కుంచె కింద పెట్టి తల తిప్పేలోపు ఆరిపోతుంది, దాంతో చారలు పడతాయి. మరి అవిసె నూనె? మన పాత మిస్త్రీలు అవిసె నూనె, టర్పెంటైన్ కలిపి పూసేవాళ్ళు. మరాఠీవాళ్ళు జవస్ అంటారు, అదే. తలుపుకు, లోపలి దూలానికి మంచిదే. బయటి గోడకు ఒక్కటే వేస్తే బూజుకు అన్నం పెట్టినట్టు. శ్రావణమాసం వచ్చేసరికి గోడంతా నల్ల చుక్కలు. అది నూనె నల్లబడిందనుకుంటారు. కాదు, బూజు.

ఏంటి బాపూ? గట్టిగా అడగండి. ఆఁ, పాత ఇంజన్ ఆయిల్. ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. బండి షెడ్డు నుంచి ఉత్తగా వస్తుంది, చెక్క నల్లగా నిగనిగలాడుతుంది, చెదలు రావంటారు. మా నాయన కూడా బండి ఇరుసుకు, పశువుల కొట్టం గుంజలకు పూశాడు. కొట్టం గుంజకు పూశారు సరే, పిల్లలు చేతులు పెట్టే ఇంటి గోడకు వద్దు బాపూ. అందులో ఇంజన్ అరిగిన లోహాలుంటాయి, కాలిన మసి ఉంటుంది, వంటికి మంచిది కాదు. అది ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టుకుంటుంది, వానకు కారి నేలలోకి, అక్కణ్ణుంచి బావిలోకి పోతుంది. ఇంకో సంగతి, ఒకసారి పూశాక మళ్ళీ జన్మలో దాని మీద ఏ స్టెయినూ పట్టదు. అది గీకడానికి మాత్రం నన్ను పిలవొద్దు.

అసలు వెయ్యకపోతే? ఇది కూడా అడగాలి మీరు, ఎవరూ అడగలేదు. మంచి చేవ టేకు, అంటే దుంగ లోపలి ముదురు చెక్క అయితే, ఏమీ వెయ్యకుండా వదిలేయొచ్చు. నిజంగానే చెప్తున్నా, నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా. వెండిలా బూడిదరంగుకు తిరుగుతుంది, అంతే. అమెరికాలో మాడిసన్ అనే ఊళ్ళో చెక్క మీదే పనిచేసే సర్కారు ల్యాబు ఉంది, 1910 నుంచి. వాళ్ళ లెక్క ప్రకారం దేవదారు జాతి మెత్తటి చెక్కే, రంగు లేకుండా ఎండావానల్లో నిలబెడితే, నూరేళ్ళకు ఆరు మిల్లీమీటర్లు అరుగుతుంది. నూరేళ్ళకు! బర్మాలో అమరాపుర దగ్గర 1850 ప్రాంతంలో కట్టిన టేకు వంతెన ఉంది, కిలోమీటరుకు పైగా పొడుగు, జనం ఇంకా నడుస్తున్నారు. మన వడదం దగ్గరైతే చెట్లు ఏకంగా రాయైపోయి పడున్నాయి, వాటికి ఏ స్టెయినూ అక్కర్లేదు. కాబట్టి బూడిదరంగు మీకు నచ్చితే హాయిగా ఉండండి. కానీ చేవ అంటున్నాను, వినండి. తెల్లచెక్క కాదు. టేకులో కూడా బయటి తెల్లచెక్కకు ఏ బలమూ లేదు, చెదలు తింటాయి, పుచ్చు పడుతుంది. ఇప్పుడొచ్చే చిన్న దుంగల పలకల్లో సగం తెల్లచెక్కే. "టేకు పలకలు" అని బిల్లు ఉంటుంది, పలక తిప్పి చూస్తే అంచు పొడుగునా పాలరంగు. దానికి స్టెయిన్ కావాలి, మందూ కావాలి.

పలక మీద నీటి చుక్క

ఇప్పుడు ఈ రెండు పలకలు చూడండి. రెండూ ఒకే దుంగవి. ఇది రందా పట్టి, నున్నటి సాండ్‌పేపర్‌తో రుద్దింది, అద్దంలా ఉంది. ఇది రంపం నుంచి వచ్చిన గరుకు అట్లాగే ఉంది. తమ్మీ, ఆ చెంబు ఇటివ్వు. వేలితో రెండింటి మీదా ఒక్కో చుక్క వేస్తున్నాను. చూస్తూ ఉండండి. నున్నటి దాని మీద చుక్క తామరాకు మీద నీళ్ళలా ముత్యంలా నిలబడింది. గరుకు దాని మీద? అదిగో, పరుచుకుంటోంది, అంచులు నల్లబడ్డాయి, ఇంకుతోంది. నీళ్ళు ఇంకని చోట స్టెయిన్ ఇంకుతుందా? మనం బయటి గోడ పలకలను కూడా మంచం కోడులా నున్నగా చేయించుకుంటాం, వడ్రంగిని గొప్పగా మెచ్చుకుంటాం, తర్వాత స్టెయిన్ నిలవట్లేదని దుకాణాన్ని తిడతాం. బయటి గోడకు 60 నంబరు, 80 నంబరు కాగితంతో ఆపేయండి. 220 దాకా పోవద్దు, నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నన. గరుకు చెక్క దాదాపు రెండింతల స్టెయిన్ తాగుతుంది, డబ్బా త్వరగా అయిపోతుంది, ఖర్చు ఎక్కువ, నిజమే. కానీ తాగింది లోపలే ఉంటుంది కదా.

టేకుతో ఇంకో చిక్కు, దాని ఒంట్లోనే నూనె ఉంది. చేవ మీద చెయ్యి పెడితే జిడ్డుగా, మైనంలా తగులుతుంది. ఆ నూనే దాన్ని కాపాడుతుంది, ఆ నూనే మన స్టెయిన్‌ను లోపలికి రానివ్వదు. స్టెయిన్ వేసే రోజే, వేసే ముందే, థిన్నర్‌లోనో ఎసిటోన్‌లోనో గుడ్డ ముంచి తుడవండి. నిన్న తుడిచాను అంటే కుదరదు, లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. బీడీ, అగ్గిపెట్టె దూరం పెట్టి చెయ్యండి.

ఏగిస పలకలు వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, ఇద్దరు. ఏగిస గ్లాసులో నీళ్ళు పోస్తే రంగు దిగుతుందని తెలుసు కదా, షుగరుకు మంచిదని తాగుతారు. అదే రంగు నీటి స్టెయిన్‌లోకి కూడా దిగుతుంది, కింద నుంచి పైకి మరకలొస్తాయి. దానికి నూనెది వాడండి. నల్లమద్దికి, టేకుకు మామూలు ఇనుప మొలలు కొట్టకండి. చెక్కలోని వగరు, ఇనుము, తడి, మూడూ కలిస్తే సిరా. ప్రతి మొల కింద నల్ల కన్నీటి చార. తుప్పు పట్టని స్టీలు మొలలు, లేదంటే కనీసం జింకు పూసినవి. చార పడిపోయిందంటే ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళతో పోతుంది, చేతులకు తొడుగులు వేసుకుని తుడిచి, మంచినీళ్ళతో కడిగేయాలి. అది చారా, బూజా అని తెలియాలంటే బ్లీచింగ్ నీళ్ళు ఒక చుక్క వేసి చూడండి, బూజైతే తెల్లబడుతుంది. ఈ రెండు మందులూ కలిపి మాత్రం వాడకండి, విషవాయువు వస్తుంది.

సరే, రంగు గురించి. అంత ఆత్రంగా ఉన్నారు కాబట్టి. దుకాణంలో అట్ట మీద వేసిన చిన్న రంగు ముక్క చూసి ఎంచుకోవద్దు. అది వేరే చెక్క మీద వేసింది, కొన్ని అట్టలైతే చెక్క కూడా కాదు, అచ్చు వేసిన బొమ్మ. మీ పలకల్లోంచే మిగిలిన ముక్కలు మూరెడేసి తీసుకోండి, చేవ ఉన్నదొకటి, తెల్లచెక్క ఉన్నదొకటి, ఎందుకంటే ఒకే స్టెయిన్ రెండింటి మీద రెండు రకాలుగా కనపడుతుంది. గోడకు ఎన్ని కోట్లు వేస్తారో వీటికీ అన్నే వెయ్యండి. ఆరాక గోడకు నిలబెట్టి పొద్దున చూడండి, మధ్యాహ్నం చూడండి, సాయంత్రం చూడండి. ట్యూబులైటు కింద చాక్లెట్ రంగులా ఉన్నది మే నెల ఎండలో ఇటుక రంగులో ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇవాళ లేత రంగు వేస్తే రేపు ముదురుకు పోవచ్చు. ముదురు నుంచి లేతకు రావాలంటే మళ్ళీ గీకుడే. అందుకని మొదటిసారి మీకు నచ్చినదాని కంటే ఒక మెట్టు లేతగా వేసుకోండి. బాగా ముదురు రంగు ఎండను పీల్చి పలకను కాలుస్తుంది, పలక వంకరపోతుంది, బీటలిస్తుంది. పడమర గోడకు నల్లటి వాల్‌నట్ కావాలని పట్టుబట్టినవాళ్ళకు నేను వేశాను, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం, కానీ మే నెలలో ఆ గోడ మీద చెయ్యి పెట్టలేరు.

పడమర అన్నాను కదా, అది కూడా చెప్పాలి. యూట్యూబులో వినే ఉంటారు, దక్షిణపు గోడే ముందు పాడవుతుందని. వాళ్ళ దేశాల్లో సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు. మనం భూమధ్యరేఖకు దగ్గర. మనకు మే మూడో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు. నమ్మకపోతే జూన్‌లో మబ్బు లేని రోజు, పన్నెండింటికి కర్ర పాతి నీడ చూడండి, దక్షిణం వైపు పడుతుంది. అందుకని మన ఇళ్ళల్లో ఎండకు ముందు పోయేది పడమర గోడ, చలికాలం ఎండకు దక్షిణపు గోడ, ఉత్తరపు గోడకు ఎండ తక్కువ, బూజు ఎక్కువ. చూరు రెండడుగులు బయటకు ఉంటే మీ స్టెయిన్ ఆయుష్షు పెరుగుతుంది. మన పెంకుటిళ్ళు కట్టినవాళ్ళకు ఇదంతా తెలుసు, పెట్టెల్లా చూరు లేకుండా ఇళ్ళు కట్టడం మనం మొదలుపెట్టాం.

ఎప్పుడు వెయ్యాలి? సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి శివరాత్రికి కాళేశ్వరం పోయేలోపు ముగించండి. వానలు ఆగిన వెంటనే వద్దు, చెక్క లోపల ఇంకా తడి ఉంటుంది. ఎండాకాలం వద్దు, పైన ఆరి లోపలికి దిగదు. చలికాలంలో కూడా పొద్దున్నే మంచు తడి ఆరనిచ్చి, నీడ ఉన్న గోడతో మొదలుపెట్టి, నీడతో పాటే ఇల్లు చుట్టూ తిరగండి. కొత్త పలకలను "రెండు వానలు తడవనీ, సీజన్ అవుతుంది" అని రంగు వెయ్యకుండా గోడకు వదిలేస్తారు, అది తప్పు. కొన్ని వారాల ఎండకే పైపొర దెబ్బతింటుంది, నా అగ్గిపెట్టెలో ఉన్న నూగు అట్లా వచ్చిందే. ముందే నీడన ఆరిన చెక్క తెచ్చుకోండి, బిగించేముందే నాలుగు వైపులా ఒక కోటు వెయ్యండి. వెనకవైపు కూడా. కోసిన చివర్లు అయితే రెండు మూడు సార్లు. పలక ముఖం మీద నుంచి ఇంకే నీళ్ళ కంటే కోసిన చివర నుంచి పదింతలు ఎక్కువ పీలుస్తుంది, గడ్డి పరకతో నీళ్ళు పీల్చినట్టు. పలకలు చివర్లలోనే ఎందుకు కుళ్ళుతాయనుకున్నారు మరి?

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు నీళ్ళలో మునిగిన పలకలుంటే, నది ఒడ్డు ఊళ్ళవాళ్ళు కొందరు వచ్చారు కాబట్టి చెప్తున్నా, బురద పీచుల్లో ఇరుక్కుని ఉంటుంది, మెత్తటి బ్రష్షుతో కడగండి, ఒక వేసవి పూర్తిగా ఆరనివ్వండి, ఆ తర్వాతే స్టెయిన్. ఇప్పటికే వేసేసి ఉంటే, ఆ మరక ఎందుకు పోవట్లేదో ఇప్పుడు మీకు తెలిసింది.

వేసేటప్పుడు డబ్బా అడుగు నుంచి కర్రతో బాగా తిప్పండి, ఆ పొడి అంతా అడుగునే కూర్చుని ఉంటుంది. నాలుగు డబ్బాలు కొంటే నాలుగూ ఒక పెద్ద బకెట్లో కలిపేయండి, డబ్బాకూ డబ్బాకూ రంగులో తేడా ఉంటుంది. పలక ఈ చివర మొదలుపెడితే ఆ చివర దాకా పోయి ఆగండి, మధ్యలో టీకి లేస్తే అక్కడ చార పడుతుంది, ఆ చార పదేళ్ళు మీ టీని గుర్తుచేస్తుంది. నూనె స్టెయిన్ అయితే పావుగంట, ఇరవై నిమిషాలకు ఇంకని జిడ్డును గుడ్డతో తుడిచేయండి. వదిలేస్తే అంటుకుంటూనే ఉంటుంది.

ఆ గుడ్డల సంగతి. నవ్వకు మామా, నీకు తెలుసు ఆ కథ. అవిసె నూనె గుడ్డలు ముద్దగా చేసి షెడ్డు మూలన పడేసి అన్నానికి పోయాను. తిరిగొచ్చేసరికి మూలన పొగ. అగ్గిపుల్ల లేదు, బీడీ లేదు, ఎవరూ లేరు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటకు పోక దానంతటదే అంటుకుంటుంది. పక్కనే థిన్నర్ డబ్బాలు. ఇంకో పది నిమిషాలు పప్పన్నం తిని ఉంటే ఇవాళ మీ ముందు ఉండేవాణ్ణి కాదేమో. గుడ్డలు విడివిడిగా తాడు మీద ఆరేయండి, లేదంటే నీళ్ళ బకెట్లో ముంచి పెట్టండి. ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా చెప్పండి, ఎందుకంటే గుడ్డలు ఎత్తి మూలన వేసేది వాళ్ళే.

చాయ్ వచ్చినట్టుంది. లేచేముందు ఒక పని. బయట పడమర గోడకు ఏడు పలకలు ఆనించి పెట్టాను. మూడు ఈ ఏడాదివి, మూడు మూడేళ్ళ కిందట అదే డబ్బాలతో వేసి మా ఇంటి మీద ఎండబెట్టినవి. కొత్తదాని పక్కన పాతది పెట్టాను, వెనక సుద్దముక్కతో డబ్బా రకం రాశాను. కప్పు చేతిలో పట్టుకుని వెళ్ళి చూడండి, గోరుతో గీకి చూడండి, నీళ్ళు చల్లి చూడండి. చివర్న ఉన్న ఏడోదాన్ని మాత్రం ముట్టుకోకండి, పొద్దున్నే వేశాను, ఇంకా ఆరలేదు, తెల్లచొక్కాలు వేసుకొచ్చినవాళ్ళు దూరంగా నిలబడండి.